సొంతవాళ్లకే అక్షింతలు

సన్యాసిరావుగారు పరాయివాళ్లను పల్లెత్తు మాట అనరు. తిట్టేదంతా సొంతవాళ్లనే. అదీ పరాయివాళ్ల ముందే.

ఈ రెండో నియమం ముఖ్యం. మీరూ ఆయనా ఇద్దరే ఉన్నంతసేపూ నోట్లో వేలు పెట్టినా కొరకరు. తిన్నారా అంటారు, నిద్రపట్టిందా అంటారు, ఫ్యాన్ మీవైపు తిప్పుతారు. ఇంతలో మూడో మనిషి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడా, మీ పని అయిపోయినట్టే. మీ నడక, మీ చదువు, మీ బుర్ర, ఆ బుర్రలో ఉండాల్సి ఉండి లేనిది, అన్నిటికీ అక్కడికక్కడే అక్షింతలు పడతాయి. వచ్చినవాడు కొత్తవాడైతే గొంతు ఒక మెట్టు పైకెక్కుతుంది. కోపంతో వచ్చినవాడైతే సింగపూర్‌లో వాళ్ల ఆఫీసు దగ్గరున్న జురాంగ్ ఈస్ట్ స్టేషన్లో రైలు దిగేవాళ్లకు కూడా వినిపిస్తుంది.

చేపలు, మాంసం, ఐస్‌క్రీములు దాచే పెద్ద పెద్ద కోల్డ్ రూములను బాగుచేసే కంపెనీ వాళ్లది. సన్యాసిరావుగారు దానికి సర్వీస్ మేనేజరు. పుట్టింది మలేషియాలో, పెరాక్ వైపు ఒక కొబ్బరి ఎస్టేటులో. తాతగారెప్పుడో విజయనగరం నుంచి ఓడెక్కి వచ్చారు. అందుకని ఆయన తెలుగు విజయనగరంలో మొదలై, దారిలో మలయ్ మాటలు నాలుగు ఎక్కించుకుని, సింగపూర్ యాసలో దిగుతుంది.

ప్రణవిది హనుమకొండ. ఇక్కడే మాస్టర్స్ చేసి ఈ కంపెనీలో చేరింది. కస్టమర్లు ఫోన్ చేస్తే మాట్లాడి, ఏ టెక్నీషియన్ ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో చూడడం ఆమె పని. చేరిన రోజు సన్యాసిరావుగారు ఆమెను గదిలోకి పిలిచి, కొబ్బరిపాలతో చేసే కాయా జామ్ రాసిన రొట్టె చేతిలో పెట్టారు.

"ఏటమ్మా, పొద్దుట ఏటైనా మాకాన్ సేసేవా? తిను, తిను. సిగ్గుపడకు. నన్ను సారూ గీరూ అనకు, అంకుల్ అను."

ఎంత మంచి మనిషి అనుకుంటూ ప్రణవి రొట్టె కొరికింది. అప్పుడే అకౌంట్స్ విభాగం పెద్దాయన ఏదో కాగితం కోసం లోపలికి వచ్చాడు. సన్యాసిరావుగారి గొంతు మారిపోయింది.

"చూశారా మా కొత్త అమ్మాయిని! ఇంజనీరట! కంప్యూటర్ ముందు కూర్చోబెడితే కుర్చీని పాస్‌వర్డ్ అడుగుతోంది! ఈవిడతో నేను పని చేయించుకోవాలి!"

ప్రణవి నోట్లో రొట్టె నోట్లోనే ఉండిపోయింది. అప్పటికి ఆమెను ఎవరూ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టనేలేదు.

"అయ్యా, మిస్టర్ రావ్, మొదటిరోజే కదా లా, ఛాన్స్ ఇవ్వండి" అన్నాడు పెద్దాయన జాలిగా. ఆ సాయంత్రం తన దగ్గర అదనంగా ఉన్న పెద్ద మానిటర్ తెచ్చి ప్రణవి బల్లమీద పెట్టి వెళ్లాడు. అంతకుముందు ఆ మానిటర్ కోసం ఆఫీసులో ఎందరో అడిగి భంగపడ్డారని ఆమెకు తెలియదు.

ఆయన తిట్టడానికి మనుషులే అక్కర్లేదు, సొంతదైతే చాలు. ఒకసారి ఆయనా ప్రణవీ రైల్లో వెళ్తుంటే, కిక్కిరిసిన పెట్టెలో ఎవరో కుర్రాడు ఆయన కాలు తొక్కాడు. సన్యాసిరావుగారు వంగి తన బూటును నిలదీశారు. "నీకు బుద్ధుందా? ఆయన కాలు పెట్టే చోటికి నువ్వెందుకు వెళ్లావు? ఇంత పెద్ద రైల్లో నీకు వేరే చోటే దొరకలేదా?" కుర్రాడు బూటుకూ ఆయనకూ కలిపి క్షమాపణ చెప్పి, ఇంకెవరినో బతిమాలి ఆయనకు సీటు ఇప్పించాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాసిర్ రిస్‌లోని వాళ్ల ఫ్లాట్‌కు ఆఫీసువాళ్లను భోజనానికి పిలిచారు. ఆయన భార్య పుష్పవల్లిగారు చేపల పులుసు వడ్డిస్తుంటే ఈయన అందుకున్నారు. "ఇది పులుసా? చేపకు స్నానం చేయించిన నీళ్లా? పాపం, దీనికోసమే చచ్చిందని తెలిస్తే ఆ చేప ఎంత బాధపడుతుంది!" అతిథులందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. ఇంత మంచి పులుసు జన్మలో తినలేదని ఒకరు, ఇంకో గరిటె అని ఒకరు. గిన్నె అడుగు కనిపించింది.

ప్రణవి వంటింట్లోకి వెళ్లి, "ఆంటీ, మీకు బాధ అన్పియ్యదా?" అని అడిగింది.

"ఎందుకమ్మా? ఆయన తిట్టకపోతేనే నాకు బెంగ" అన్నారు పుష్పవల్లిగారు గిన్నె కడుగుతూ. "నిజంగానే బాగోలేదేమోనని."

పాపం, అలవాటు పడిపోయారు అనుకుంది ప్రణవి.

*

అసలు గొడవ చేపముద్దతో ఉండలు చేసే ఒక ఫిష్‌బాల్ ఫ్యాక్టరీ దగ్గర వచ్చింది.

ఆ ఫ్యాక్టరీలో ఒక కోల్డ్ రూమ్‌కు మరమ్మతు చెయ్యాలి. చెయ్యాలంటే కాసేపు కరెంటు ఆపాలి. ఆపాలంటే లోపలున్న రొయ్యల్ని ముందే వేరే గదిలోకి మార్చాలి. ప్రణవి ఫోన్ చేస్తే, సెంగ్ అని అక్కడి స్టోర్లు చూసే ముసలాయన ఎత్తాడు.

"గురువారం పొద్దున ఆపొచ్చా అంకుల్?"

"గురువారమా... ఆ... సీ హౌ లా. షుడ్ బీ క్యాన్."

క్యాన్ అంటే క్యాన్ అనుకుంది ప్రణవి. ఆమె పెరిగిన చోట కాదంటే కాదనే అంటారు, ఆ కాదు నాలుగిళ్ల అవతలికి కూడా వినిపిస్తుంది. వినిపించలేదంటే అవుననే లెక్క. కానీ సెంగ్ లెక్క వేరు. మొహం మీద కాదంటే ఎదుటి మనిషి చిన్నబుచ్చుకుంటాడు కాబట్టి ఆయన ఏనాడూ ఎవరికీ కాదని చెప్పలేదు. 'చూద్దాం లే, అవ్వాలి మరి' అంటే, ఆయన దృష్టిలో, 'నేను కబురు చేసేదాకా ఇటు రావద్దు' అని.

గురువారం సెంగ్ సెలవు పెట్టాడు. టెక్నీషియన్లు వెళ్లారు, ప్రణవి చెప్పినట్టే స్విచ్ ఆపారు. లోపల నిండుగా రొయ్యలున్నాయన్న సంగతి, తలుపు కిందనుంచి నీళ్లు కారేదాకా ఎవరికీ తెలియలేదు.

యజమాని క్వెక్ ఫోన్లో అన్నది ఒకటే మాట. "ఆ అమ్మాయిని తీసుకుని రండి."

వ్యాన్ సన్యాసిరావుగారే నడిపారు. ఒక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పిప్పరమెంటు బిళ్ల ఒకటి ఆమె చేతిలో పెట్టి, ఏసీ గాలి ఆమెవైపు తిప్పారు. ప్రణవి చెప్పాల్సిన మాటలు లోపల వరస పెట్టుకుంటోంది. వాళ్ల మనిషే క్యాన్ అన్నాడు. నేను అడిగాను. ఆయనే అన్నాడు.

క్వెక్ మోకాళ్లదాకా రబ్బరు బూట్లతో గది తలుపు ముందే నిలబడి ఉన్నాడు. పక్కన మెత్తబడిన రొయ్యల ట్రేలు. వెనక తడిగుడ్డలు పట్టుకున్న పనివాళ్లు. అందరూ ఆమెనే చూస్తున్నారు.

"నువ్వేనా ప్రణవి?" అన్నాడు. అతని మెడ నరాలు ఉబ్బాయి. చూపుడువేలు పైకి లేస్తోంది.

ఆ వేలు పూర్తిగా లేవనేలేదు. సన్యాసిరావుగారి గొంతు లేచింది.

"ఈవిడే! ఈవిడే మిస్టర్ క్వెక్! బాగా చూడండి! మాస్టర్స్ డిగ్రీ! పాసిర్ రిస్ వెళ్లమంటే సరిహద్దు దాటి జోహోర్ మీదుగా వెళ్లే రకం! షుడ్ బీ క్యాన్ అంటే క్యాన్ అనుకుందట! రేపు మీరు మర్యాదకి మళ్లీ రమ్మంటే పెట్టే బేడా సర్దుకుని మీ ఇంటికి వచ్చేస్తుంది! ఈ బుర్ర కరెంటు ఆపిన మీ కోల్డ్ రూమ్‌లో పెట్టినా పాడవదు, వాడితే కదా పాడవడానికి!"

పనివాళ్లలో ఎవరో తల వంచుకున్నారు. ప్రణవి చెవులు మండిపోయాయి. వరస పెట్టుకున్న మాటల్లో ఒక్కటి చెప్పడానికైనా ఆయన సందు ఇవ్వలేదు.

"ఓకే, రావ్, ఓకే..." అన్నాడు క్వెక్.

"ఏం ఓకే? ఆ ట్రేలో రొయ్యకున్న తెలివి కూడా..."

"రొయ్య సంగతి వదిలెయ్ రావ్!" క్వెక్ వేలు ఎప్పుడో దిగిపోయింది. "చిన్నపిల్ల, కొత్త. మా సెంగ్ మాటలు మాత్రం ఎవరికి అర్థమవుతాయి? ఆయన అవునన్నాడో కాదన్నాడో ఇన్నేళ్లుగా నాకే తెలీదు. ఇంకా చల్లగానే ఉన్నాయి, ఇవాళే వాడేస్తాను. నువ్వు అరవకు. అమ్మాయి ఏడుస్తుంది."

అన్నంత పనీ అయింది. ప్రణవి కళ్లలోంచి నీళ్లు జారాయి. క్వెక్ కంగారుపడి, లోపలికి వెళ్లి ఒక పెద్ద ఫిష్‌బాల్స్ సంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. శాకాహారినని చెప్పే ఓపిక ఆమెకు లేదు.

తిరుగుదారిలో వ్యాన్ ఎక్కగానే, "మాకాన్ సేద్దావా అమ్మా? మొగం సిన్నబోయింది" అన్నారు సన్యాసిరావుగారు, ఎప్పటి మెత్తటి గొంతుతో.

ప్రణవి భగ్గుమంది. "అందరి ముంగట గన్ని మాటలని, ఇప్పుడు తింటవా అని అడుగుతున్రా? మా నాయిన గూడ నన్ను ఎన్నడు గట్ల అనలేదు. మీకు మనసున్నదా అంకుల్?"

సన్యాసిరావుగారు నోరు తెరిచారు. మూశారు. మళ్లీ తెరిచారు. వ్యాన్‌లో ఉన్నది ఇద్దరే. మూడో మనిషి లేకపోతే ఆయనకు ఎదురుమాట రాదు.

*

"అలా కుదరదు! పైగా కస్టమర్ ముందు!" అంది జియా హుయి. పక్క బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగింది. "ఇక్కడ బాస్‌కు కోపమొస్తే మెయిల్లో 'నోటెడ్' అని రాస్తాడు. బాగా కోపమొస్తే 'నోటెడ్' తరువాత చుక్క పెడతాడు. అంతకుమించి ఎవరూ తిట్టరు. నువ్వు హెచ్ఆర్‌కు వెళ్లు. నేను తోడొస్తాను."

హెచ్ఆర్ అంటే మిస్ గో. ఆవిడ గొంతు ఎంత తగ్గితే విషయం అంత పెద్దదని అర్థం. ఒకతన్ని ఉద్యోగం నుంచి ఎంత మెత్తగా తీసేశారంటే, అతను ప్రమోషన్ వచ్చిందనుకుని ఆఫీసంతా లడ్డూలు పంచాడు. ఆఫీసు కార్డు వెనక్కివ్వమని సెక్యూరిటీ అడిగినప్పుడు గానీ తెలిసిరాలేదు.

ప్రణవి మొదటిరోజు కుర్చీ పాస్‌వర్డ్ నుంచి రొయ్య తెలివిదాకా అన్నీ చెప్పింది. మిస్ గో శ్రద్ధగా విని, చెప్పినందుకు థాంక్స్ అన్నారు. ఎంత మెల్లగా అన్నారంటే ప్రణవికి పెదవులు కదలడమే కనిపించింది.

ఆ తరువాత ఆఫీసు గాలి మారిపోయింది. సన్యాసిరావుగారిని మనుషులతో పనిలేని చోటికి, తువాస్ గోడౌన్లో విడిభాగాలు చూసుకోవడానికి పంపేస్తారట అని మాట పుట్టింది. టెక్నీషియన్లు ప్రణవితో అవసరమైతే తప్ప మాట్లాడడం మానేశారు. సన్యాసిరావుగారు మాత్రం పొద్దున్నే ఆమె బల్లమీద కాఫీ పెట్టి వెళ్లడం మానలేదు. ఎవరు చెప్పారో ఆయనకు తెలుసో తెలియదో ఆ మొహంలో కనిపించదు. ఆ కాఫీ రోజూ బల్లమీదే చల్లారిపోతోంది.

తిరుమలేష్ అనే టెక్నీషియన్ ఒకరోజు పనిముట్ల సంచి సర్దుకుంటూ, తలెత్తకుండా అన్నాడు. "ఒక్క మాట మేడమ్. ఈ కంపెనీలో అంకుల్ తిట్టినోళ్లెవరూ ఇంటికి పోలేదు. ఆయన సెలవులో ఉన్నప్పుడే ఇద్దరి ఉద్యోగాలు ఊడాయి."

"అంటే ఏంది?"

"ఏమో మేడమ్. నేను చూసింది చెప్పాను" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

*

విచారణ సోమవారం మధ్యాహ్నం. నాలుగువైపులా అద్దాలున్న మీటింగ్ రూము. లోపలేం మాట్లాడుతున్నారో బయటికి వినపడదు గానీ, ఎవరి మొహం ఎలా ఉందో అందరికీ కనిపిస్తుంది. ఆఫీసంతా కంప్యూటర్ల వెనకనుంచి అటే చూస్తోంది.

"మిస్టర్ రావ్," అన్నారు మిస్ గో, "మీరు మాట్లాడే తీరు కొన్నిసార్లు, కొందరికి, కొంచెం గట్టిగా అనిపించవచ్చేమోనని..."

సన్యాసిరావుగారు బుద్ధిగా తలూపారు.

"అదే సమయంలో ప్రణవీ, ఆ కస్టమర్ దగ్గర జరిగింది కూడా మనం చూడాలి కదా." ఆవిడ గొంతు తగ్గింది. "మీ ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు." ఇంకా తగ్గింది. "ఈ పని మీకు సరైనదేనా అని, మనమందరం కలిసి, ఓపెన్‌గా ఆలోచిస్తే బాగుంటుందేమో." చివరి మాట గాలిలా వచ్చింది.

ఏదో మంచి సలహా చెబుతున్నారనుకుని ప్రణవి సగం తలూపింది. మిగతా సగం ఊపేలోపు అర్థమైంది. ఫిర్యాదు చేసింది తను. పొమ్మంటున్నదీ తననే. ఈ ఉద్యోగం పోతే వర్క్ పాస్ పోతుంది, పాస్ పోతే ఈ దేశమే పోతుంది. సెరంగూన్‌లో అద్దెకున్న చిన్న గది, ఇష్టపడి నేర్చుకుంటున్న పని, అన్నీ.

సన్యాసిరావుగారి కుర్చీ కిర్రుమంటూ వెనక్కి జరిగింది.

"సరైనదా? ఈవిడకు ఏ పనీ సరైనది కాదు!"

"మిస్టర్ రావ్..."

"పొద్దున్న అందరికన్నా ముందొచ్చి కూర్చుంటుంది, ఇల్లూ వాకిలీ లేనట్టు! రొయ్యల గొడవ తరువాత ఆ ముసలి సెంగ్‌కు తనే ఫోన్ చేసి సారీ చెప్పింది, పరువు లేనట్టు! ఇప్పుడు ప్రతి కస్టమర్నీ అవునా కాదా, కాదంటే కాదనే చెప్పండి అంకుల్, నేనేమీ అనుకోను అని అడిగి అడిగి చంపుతోంది! మొన్న సెంగ్ జీవితంలో మొదటిసారి 'నో' అన్నాడట! ముసలాయన అలవాట్లు పాడుచేస్తోంది!"

"కానీ అది... అది మంచిదే కదా!" అన్నారు మిస్ గో.

"ఏం మంచి? ఇలాంటివాళ్లను ఉంచుకుంటే కంపెనీ ఏమైపోతుంది? ఇవాళే పంపెయ్యండి!"

"ఎందుకు పంపాలి?" మిస్ గో గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "ఇంత శ్రద్ధగా పనిచేసే అమ్మాయిని ఎందుకు పంపాలి? ఒక్క పొరపాటుకా? నేను ఒప్పుకోను మిస్టర్ రావ్! ఆమె ప్రొబేషన్ ఇవాళే కన్ఫర్మ్ చేస్తున్నాను!"

అద్దాల అవతల ఆఫీసు లేచి నిలబడింది. మిస్ గో అరవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

ప్రణవి కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. క్షణం కిందట మెత్తగా తలుపు చూపించిన మనిషే, ఇప్పుడు ఆమె తరఫున బల్ల గుద్దుతోంది. లేవబోయి దిగిపోయిన క్వెక్ వేలు గుర్తొచ్చింది. ఆ మానిటర్ గుర్తొచ్చింది. అడుగంటిన పులుసు గిన్నె గుర్తొచ్చింది. ఎదుటివాళ్లు ఆమెను అనాల్సినవన్నీ ఈయన ముందే అనేస్తే, వాళ్లకు అనడానికి ఏమీ మిగలడం లేదు. జాలిపడడం తప్ప.

మిస్ గో ఊపిరి తీసుకుని, జుట్టు సర్దుకుని, మళ్లీ కూర్చున్నారు. గొంతు మళ్లీ తగ్గింది. ఈసారి బాగా తగ్గింది.

"మిస్టర్ రావ్, సరిగ్గా ఇదే. ఇప్పుడు మీరు చేసిందే. మీకు వేరే ఏదైనా, కొంచెం ప్రశాంతమైన పని... చూద్దామని..."

తువాస్ గోడౌన్.

సన్యాసిరావుగారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఊరందరికీ అడ్డంపడే మనిషికి, తన వంతు వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియలేదు. తనను తను తిట్టుకుంటే లాభం లేదు. తనను తిట్టడానికీ ఒక సొంతమనిషి కావాలి.

ప్రణవి లేచి నిలబడింది.

"కరెక్ట్ మేడమ్! తీసెయ్యండి ఈ అంకుల్‌ను!"

సన్యాసిరావుగారు ఉలిక్కిపడ్డారు. ఆమె మాట్లాడింది ఇంగ్లీషే గానీ, అందులో ఊపు మాత్రం హనుమకొండది.

"ఈయనకేం తెలుసు? వాన పడితే చాలు, టెక్నీషియన్లందరికీ ఫోన్ చేసి క్షేమంగా చేరారా అని అడుగుతారు, పనీపాటా లేదా? కొత్తవాళ్లెవరైనా అన్నం తెచ్చుకోకపోతే తన డబ్బా వాళ్లకిచ్చి తను బిస్కెట్లు తింటారు, ఒంట్లో షుగర్ పెట్టుకుని! బుద్ధున్న మనిషి చేసే పనేనా? కస్టమర్ కోపమంతా తన మీదికి లాక్కుని వస్తారు, ఎవరు చెప్పారు లాక్కోమని? ఈయన లేకపోతే ఎవరికీ ఏమీ కాదు. గోడౌన్లో పడెయ్యండి!"

"ప్రణవీ! అదేం మాట?" మిస్ గో మళ్లీ లేచారు. "ఆయన్ను గోడౌన్లో పడేస్తే క్వెక్‌తో ఎవరు మాట్లాడతారు? నువ్వా? ఆ టెక్నీషియన్లు ఒక్కరైనా ఉంటారా ఇక్కడ? ఒక పెద్దమనిషిని పట్టుకుని ఇలాగేనా మాట్లాడేది? ఆయన ఎక్కడికీ వెళ్లడం లేదు!"

ఆ మాట అద్దం దాటి బయటికి వినిపించింది. తిరుమలేష్ చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టడం లేదని చేతులు జేబులో పెట్టుకున్నాడు.

మిస్ గో కూర్చుని గ్లాసుడు నీళ్లు తాగారు. ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఎక్కడో ఏదో జరిగిందని ఆవిడకు తెలుస్తోంది, ఏమిటో పట్టుకోలేకపోతున్నారు.

"ఒక్కటి మాత్రం నిజం మేడమ్" అంది ప్రణవి, ఈసారి నెమ్మదిగా. "నాకు చాలా బాధ కలిగింది. ఇప్పటికీ ఉంది. ఎందుకు తిడుతున్నారో నాకు తెలియాలి. తెలియకుండా, కస్టమర్ల ముందు తిట్టకూడదు."

మిస్ గో సన్యాసిరావుగారి వంక చూశారు. ఆయన తల వంచుకుని, "క్యాన్" అన్నారు.

"ఏ క్యాన్ అంకుల్?" అని అడిగింది ప్రణవి.

"నిజం క్యాన్."

*

సాయంత్రం స్టేషన్ దగ్గర తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో, ఇంకెవరూ కూర్చోకుండా టిష్యూ పొట్లం పెట్టి టేబుల్ చోప్ చేసి, ఇద్దరికీ టీలూ పరాటాలూ తెచ్చారు సన్యాసిరావుగారు. చాలాసేపు టీలో చెంచా తిప్పుతూ కూర్చున్నారు. తరువాత, అడగకుండానే, చెప్పడం మొదలుపెట్టారు.

"మా ఎస్టేట్‌లో మాండోర్ ఒకడుండేవోడమ్మా. కూలోళ్ల మీద అజమాయిషీ. సెయ్యి శానా దురుసు. మా పిల్లలం కొబ్బరికాయలు ఏరడంలో ఏ తప్పు సేసినా బెత్తం ఎత్తీసేవోడు. వోడు ఇటొస్తన్నాడని తెలిస్తే సాలు, మాయమ్మ ఎక్కడున్నా పరిగెట్టుకొచ్చి నన్ను తిట్టడం మొదలెట్టీసేది. వోడి బెత్తం లేసేలోపు అమ్మ నోరు లెగాల. ఎలాటి తిట్లనుకున్నావు! ఆఖరికి వోడే, పోన్లేయే, సిన్నకుర్రోడు, అని ఎల్లిపోయేవోడు. ఒక్క దెబ్బ నా ఒంటిమీద పడలేదు. నాకు అదే వొచ్చమ్మా. ఇంకోలా రాదు."

ప్రణవి పరాటా ఆఖరి ముక్క తిని పళ్లెం పక్కకు జరిపింది.

"మరి ఇంటికి పొయినంక?"

"ఇంటికాడ దగ్గరకి తీసుకునీది. తల నిమిరీది. బెల్లంముక్క పెట్టీది."

"మీరు గా రెండో సగం మర్శిపోయిండ్రు అంకుల్."

"అలమాక్! ఆఫీసులో తల నిమిరితే మిస్ గో ఊరుకుంటాదేటి?"

ప్రణవికి నవ్వాగలేదు. "తల వద్దు. నోటితోని చెప్పుర్రి. మంచిగ చేసినవ్ అని. ఒక్కసారి."

సన్యాసిరావుగారికి చెమటలు పట్టాయి. టీ తాగారు. గొంతు సవరించుకున్నారు. "నువ్వు... అంటే... పని..." అని ఆగారు. కర్చీఫుతో మొహం తుడుచుకున్నారు. జీవితమంతా ఇంత కష్టమైన కంప్రెసర్ విప్పలేదన్నట్టు చూశారు. ఆఖరికి, టేబుళ్లు తుడిచే ఆంటీ అటుగా వస్తే, ఆమెవైపు తిరిగి, సాక్ష్యం పెట్టుకున్నట్టు గట్టిగా అనేశారు.

"ఆంటీ! ఈ అమ్మాయి వెరీ గుడ్! మా ఆఫీసులో ఇంత మంచి అమ్మాయి లేదు!"

ఆంటీ ఆగింది. ప్రణవిని కిందినుంచి పైదాకా చూసింది. టేబుల్ మీద, తిన్న తరువాత తీసుకెళ్లి స్టాండులో పెట్టకుండా వదిలేసిన ట్రేలవైపు చూసింది.

"గుడ్ మెహ్?" అంది మూతి విరిచి. "తిన్న ట్రే కూడా వాపసు పెట్టలేదు. ఈ కాలం పిల్లలందరూ ఇంతే. బద్ధకం!"

సన్యాసిరావుగారు ప్రణవి వైపు తిరిగారు. ఇన్నాళ్లూ ఎవరికీ వివరించలేకపోయిన సత్యం కళ్లెదుట రుజువైన మనిషి మొహం అది.

"సూసేవా? పొగిడితే ఏటవుతాదో!"

ప్రణవి పడీ పడీ నవ్వుతూ, రెండు ట్రేలూ ఎత్తుకుని స్టాండు వైపు నడిచింది.